మమ్మల్ని తొందరపెట్టిన జ్ఞానాంబ

అందరికీ నమస్కారం.

నగరిలో మగ్గాలు ఆపుకొని వచ్చిన నేతన్నలకు, పులికాట్ ఒడ్డు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మత్స్యకారులకు, పుత్తూరు ప్రెస్సు మిత్రులకు, మా ‘స్వర్ణముఖి’ వాలంటీర్లకు, ముందు వరుసలో కూర్చున్న జ్ఞానాంబ అమ్మానాన్నలు చౌడమ్మ గారికి, కుప్పయ్య గారికి నమస్కారం.

తిరుపతిలో సభలకు కొదవ లేదు. కానీ ఇలాంటి సభను నేను చూడలేదు. ఇక్కడున్న మనలో చాలామందికి పక్కన కూర్చున్నవాళ్ళెవరో తెలియదు. మనందరికీ తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె మన మధ్య లేదు. ముప్ఫై మూడేళ్ళ జ్ఞానాంబను డెంగ్యూ జ్వరం తీసుకుపోయింది. పోయిన నెల ఇదే హాల్లో ఆ మూల నిలబడి నామీద కేకలేసిన మనిషి పటానికి ఈ రోజు నేను దండ వేసి వచ్చాను.

నా పేరు దొరస్వామి. ఈ ఊరి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. నన్ను మాట్లాడమన్నప్పుడు ముందు ఒప్పుకోలేదు. ఈ ఆరేళ్ళలో ఆమెతో ఎక్కువగా పోట్లాడింది నేనే. ఆ సంగతి కుప్పయ్య గారితో చెప్పాను. ఆయన ఒకటే మాటన్నారు. “మెచ్చుకున్నోళ్ళు శానామంది ఉండారు సార్. పోట్లాడినోళ్ళకే మా బిడ్డ ఎట్టాటిదో బాగా తెలుసు. మీరే సెప్పండి.”

అందుకే చెబుతున్నాను.

అమ్మా, అయ్యా, ముందు ఆమె పనేమిటో చెప్పాలి. నగరి నుంచి వచ్చినవాళ్ళు చాలామంది “కుప్పయ్య కూతురు కంప్యూటర్లో ఏందో సేస్తాది” అని మాత్రమే విన్నారు. లినక్స్ అని ఒకటుంది. కంప్యూటరు నడవడానికి కావలసిన మూల సరంజామా. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. దాన్ని తీసుకొని, తెలుగు అక్షరాలు చేర్చి, మన బళ్ళకూ ప్రెస్సులకూ పనికొచ్చేలా కూర్చి, సీడీల్లో పెట్టి ఊరూరా పంచాం. అదే స్వర్ణముఖి. జీతం లేదు, కంపెనీ లేదు, యజమాని లేడు. ఆదివారాలు మా కాలేజీ ల్యాబులో కూర్చొని చేసుకున్న పని.

అయితే ఒకసారి పంచాక పని అయిపోదు. ఎక్కడో ఎవరో ఒక లోపం కనిపెడతారు. ఫలానా ప్రోగ్రాంలో కన్నం ఉంది, దాంట్లోంచి దొంగలు దూరవచ్చు అని ప్రపంచమంతటికీ తెలుస్తుంది. తెలిసిన క్షణం నుంచి దొంగకూ మనకూ పందెం మొదలు. కన్నం పూడ్చే అప్‌డేట్ వెంటనే పంపాలి. కానీ ఆ అప్‌డేట్‌తో పాత ప్రోగ్రాములు పొసగకపోతే? నిన్నటిదాకా నడిచింది ఈ పొద్దు ఆగిపోతే? పంపకపోతే దొంగ భయం. పంపితే పని ఆగుతుందన్న భయం. ఈ రెండు భయాల మధ్య మా బతుకు గడిచింది. జ్ఞానాంబ మొదటి భయం పక్షాన నిలబడింది. నేను రెండోదాని పక్షాన. ఆమె “పంపండి” అనేది. నేను “ఆగండి” అనేవాణ్ణి.

మొదటి రోజే పోట్లాట. 2001లో అనుకుంటా, మా ఆదివారం సమావేశానికి నగరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చివర కూర్చుంది. టీ తాగే వేళకు లేచి నిలబడి అడిగింది. “ఈ కన్నం గురించి లోకానికంతా తెలిసి ఇన్నాళ్ళయ్యిందే, మనోళ్ళకు ఎందుకు పంపలేదు సార్?” పరీక్షించకుండా పంపితే పాతవి ఆగిపోతాయమ్మా అన్నాను. “ఆగిపోయినాయని మీకు తెలుసా, ఆగిపోతాయేమోనని భయమా?” అంది.

నాకు కోపమొచ్చింది. అంత బాగా అడిగితే కోపం రాదా మరి?

ఆ తర్వాత కొన్ని నెలలకే భద్రతా అప్‌డేట్ల బాధ్యత ఆమె చేతికి వెళ్ళింది. అప్పుడు జరిగింది పుత్తూరు సంగతి.

పుత్తూరు తిరుమలయ్య గారు ఇక్కడే ఉన్నారు. ఆయనది పెళ్ళి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు. తెలుగు అక్షరాలను తెరమీద గీసే ప్రోగ్రాంలో ఒక కన్నం బయటపడింది. జ్ఞానాంబ ఆగలేదు. ఆ ప్రోగ్రాం కొత్త వెర్షన్ మొత్తాన్ని తెచ్చి, ఆ సాయంత్రమే అందరికీ పంపేసింది. మర్నాడు తిరుమలయ్య గారి ప్రెస్సులో వత్తులు అక్షరాల కింద నుంచి జారి పక్కకొచ్చి నిలబడ్డాయి. పెళ్ళికూతురి పేరు చదివితే తిట్టులా ఉంది. ముహూర్తాల రోజులు. ఆ పత్రికల కోసం పెళ్ళివారు ప్రెస్సు గుమ్మంలో కూర్చున్నారు.

తిరుమలయ్య గారు ఫోనులో అన్న మాటలు ఈ సభలో చెప్పను. ఆయనే నవ్వుతున్నారు చూడండి, ఆ రోజు నవ్వలేదు. పాతదానికి మార్చేయండి అని నేనూ చెప్పాను. జ్ఞానాంబ మార్చలేదు. నగరి నుంచి బస్సెక్కి నేరుగా ప్రెస్సుకెళ్ళింది. పెళ్ళికూతురి మేనమామ మీదికొచ్చినంత పని చేశాడు. ఆమె చేతులు కట్టుకొని అంతా విని అందట. “పంపింది నేనే. అందుకే వచ్చినాను. సరి సేసినాకనే ఈడనుంచి లేస్తాను. కానీ ఆ కన్నం మాత్రం మళ్ళా తెరవను.”

తిరుమలయ్య గారి భార్య పెట్టిన అన్నం పక్కన అలాగే ఉండిపోయింది. దీపాలు పెట్టే వేళకు పెళ్ళికూతురి పేరు పేరులాగే అచ్చయింది. ఆ కన్నమూ పూడింది.

ఇంటికెళ్ళాక నాన్నకు జరిగింది చెప్పిందట. అప్పుడు కుప్పయ్య గారు మగ్గం దగ్గరే ఉన్నారు. “పోగు తెగితే ఆ పోగు అతకల్ల గానీ, పడుగంతా కోసి పారేస్తారా పాపా?” అన్నారట. ఆ మాట తెచ్చి ఆదివారం మా ముందు పెట్టింది. అప్పటి నుంచి అదే మా పద్ధతి. కొత్త వెర్షన్ మొత్తం తేకూడదు. లోపం ఉన్న చోట ప్రోగ్రాం రాతలో ఏ వరసలు మారాయో చూసి, ఆ వరసలు మాత్రమే తెచ్చి మన పాత వెర్షన్‌లో అతకాలి. ఇది కష్టం. పదిరెట్లు కష్టం. కొత్తది తెచ్చి పడేయడం తేలిక. ఏమీ చేయకుండా కూర్చోవడం ఇంకా తేలిక. ఆమె ఈ రెండు తేలికల్నీ వదిలేసి కష్టాన్ని ఎత్తుకుంది. తొందర మాత్రం వదల్లేదు.

ఇప్పుడు పులికాట్ సంగతి చెప్పాలి.

సునామీ వచ్చిన మరుసటి ఏడు, సరస్సు ఒడ్డున ఉన్న కొన్ని ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థ సమాచార కేంద్రాలు పెట్టింది. ఒక గది, ఒక కంప్యూటరు, పైన లౌడ్‌స్పీకరు. కంప్యూటరులో మన స్వర్ణముఖి. ఫోను తీగ మీద కంప్యూటరుకు కబురు తెచ్చే చిన్న పెట్టె, మోడెమ్, తగిలించి సూళ్ళూరుపేటలోని ఆ సంస్థ కేంద్రం నుంచి వాతావరణ కబురు తెప్పించుకుంటారు. వచ్చిన కబురును మైకులో చదువుతారు. అలా చదివే మునిరత్నమ్మ ఇదిగో, మూడో వరుసలో ఉంది.

ఆ నవంబరులో కెర్నెల్‌లో కన్నం బయటపడింది. కెర్నెల్ అంటే అన్నింటికీ కింద ఉండే మూల ప్రోగ్రాం. ఇల్లు మొత్తం నిలబడే పునాది. ఆ వారమే స్వర్ణముఖి వాడుతున్న ఒక బడి కంప్యూటరులోకి ఎవరో దూరి, నోటీసు ఉండే చోట బూతులు రాసిపోయారు. పిల్లలు చూశారు. బడిలో అయితే బూతులతో పోయింది. పులికాట్ ఒడ్డున ఆ నోటీసు ఉండే చోట ఏముంటుంది? తుఫాను హెచ్చరిక. దాన్ని ఎవరైనా మారిస్తే? “భయం లేదు, పోండి” అని రాస్తే?

వెంటనే పంపాలంది జ్ఞానాంబ. నేను ఒప్పుకోలేదు. ఆ మోడెమ్‌లు చవక సరుకు. వాటిని నడిపే చిన్న ప్రోగ్రాంను తయారీదారు ఒక్క కెర్నెల్‌కే చేసి ఇచ్చాడు. లోపల ఏముందో చూపించడు, కొత్తది ఇవ్వడు. కెర్నెల్ మారిస్తే మోడెమ్ మూగబోవచ్చు. అప్పటికే బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. తుఫాను పోయాక చూద్దాం అన్నాను.

“తుఫాను పోయేదాకా దొంగ కాసుకోని ఉంటాడా సార్?” అంది.

“కన్నం పూడేదాకా తుఫాను కాసుకొని ఉంటుందా?” అన్నాను.

అయ్యా, మీరే చెప్పండి. ఇద్దరిలో ఎవరిది తప్పు? నేను అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఇద్దరిదీ ఒప్పే. అందుకే అది అంత భయంకరమైన పోట్లాట అయింది.

చివరికి ఆమే దారి చెప్పింది. “అందరికీ పంపొద్దు. అతుకు ఒక్కటే ఏసిన కెర్నెల్ తీసుకోని ఒక ఊరికి నేనే పోతాను. ఆడ నా కండ్ల ముందర పన్జేస్తేనే మిగతావాళ్ళకు పంపుదాం. మీరూ రాండి. ఆగమనే మనిషి పక్కనుంటే నాకు మంచిది.” వెళ్ళాం. సూళ్ళూరుపేటలో బస్సు దిగి, ఆటోలో మునిరత్నమ్మ ఊరు చేరాం. మబ్బు ఉంది కానీ గాలి లేదు. తుఫాను దక్షిణంగా పోతుందని పొద్దుటి కబురు. సరస్సు లోపలే కదా అని పడవలు రొయ్యల వేటకు వెళ్ళాయి. మునిరత్నమ్మ భర్తా వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జ్ఞానాంబ కొత్త కెర్నెల్ వేసింది. కంప్యూటరు ఆపి మళ్ళీ తెరిచింది. అంతా బాగానే లేచింది. మోడెమ్ మాత్రం పలకలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. పలకలేదు.

అప్పుడు గాలి మొదలైంది. కిటికీ రెక్క ఒక్కసారి ఠప్పున కొట్టుకుంది. ముగ్గురం అటు చూశాం. సరస్సు రంగు మారిపోతోంది. నేను మోడెమ్ తీగ పీకి ఫోనుకు తగిలించి సూళ్ళూరుపేట కేంద్రానికి చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. ఆ ఒడ్డున ఉన్న ప్రతి ఊరూ అదే నంబరుకు చేస్తోంది. మునిరత్నమ్మ మైకు చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. ఏం చెప్పాలో తెలియదు. “పాపా, మా ఆయన ఆ పడమట దిక్కునుండాడు. రమ్మని సెప్పల్లా? ఆడనే నీళ్ళ మధ్యన మెరకగా ఏదైనా తిట్ట ఉంటే పట్టుకోని ఉండమని సెప్పల్లా? గాలి యాడనుంచి వస్తాదో సెప్పు పాపా” అంది. ఆ ప్రశ్నకు జవాబు ఆ మూగబోయిన పెట్టెలోంచి రావాలి.

జ్ఞానాంబ స్వభావం నాకు తెలుసు. కన్నం మళ్ళీ తెరవను అని పుత్తూరులో అన్న మనిషి. ఇంకొంచెం చూస్తే కారణం దొరుకుతుందని కూర్చుంటుందేమో అనుకున్నాను. వెనక్కి వెళ్దాం అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసేలోపల ఆమె వేళ్ళు కదిలాయి. పాత కెర్నెల్‌ను ఆమె చెరిపేయలేదు. పక్కనే ఉంచింది. కంప్యూటరు ఆపి, పాతదానితో లేపింది. “ఎనక్కి దారి పెట్టుకోకుండా నేనెప్పుడూ ముందరికి పోను సార్” అంది. గొంతు మామూలుగానే ఉంది.

నేను ఫోను తీగ తీసి మళ్ళీ మోడెమ్‌కు తగిలించాను. మోడెమ్‌ల కోసం కేంద్రంలో వేరే లైను ఉంది. మోడెమ్ కీచుమంది. ఆ కీచు శబ్దం అంత తీయగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. లైను ఒకసారి తప్పిపోయింది. రెండోసారి కలిసింది. కబురు వచ్చింది. తుఫాను దారి మార్చుకుంది, ఈశాన్యం నుంచి పెనుగాలి, సరస్సులో ఉన్నవారు తక్షణం దగ్గరి ఒడ్డుకు చేరాలి. మునిరత్నమ్మ చదివింది. మళ్ళీ చదివింది. గొంతు పోయేదాకా చదివింది.

పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని వలలు వదిలేసి వచ్చాయి. ఒక పడవ ఒడ్డు దగ్గరే తిరగబడింది, మనుషులు ఈది వచ్చారు. ఆమె భర్త చివర వచ్చాడు, మోకాటి లోతు నీళ్ళలో పడవను లాగుకుంటూ. మునిరత్నమ్మ మైకు కింద పెట్టి అప్పుడు ఏడ్చింది.

ఇక బయల్దేరుదాం అన్నాను. జ్ఞానాంబ రానంది. ఆ గదిలోనే చాప వేసుకుంది. గాలి తగ్గాక మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. మర్నాటికి కారణం దొరికింది. ఎంత చిన్న కారణం! ఏ మార్పు చేసినా కెర్నెల్ పేరు చివర ఒక గుర్తు చేర్చడం మా అందరి అలవాటు. ఆ మోడెమ్ ప్రోగ్రాం కెర్నెల్ పేరు చూస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, నువ్వెవరో నాకు తెలియదంటుంది. కన్నం పూడ్చి, పేరు పాతదే ఉంచింది. మోడెమ్ పలికింది. ఆ తర్వాతే మిగతా ఊళ్ళకు పంపింది.

ఈలోగా మా మెయిలింగ్ లిస్టులో, అంటే మేమంతా ఉత్తరాలు రాసుకునే చోట, ఆమెను తిట్టారు. ఆలస్యం చేశారని, బాధ్యత లేదని, చేతగాకపోతే దిగిపొమ్మని. ఎవరు రాశారో వాళ్ళలో కొందరు ఈ హాల్లో ఉన్నారు, తల వంచుకోనక్కర్లేదు. ఆమె ఎవర్నీ తిరిగి తిట్టలేదు. మోడెమ్ పలకలేదని, పాతదానికి వెళ్ళామని, అప్పుడు సరస్సులో పడవలున్నాయని జరిగింది జరిగినట్టు రాసింది. కింద సంతకం పెట్టింది. అంతే.

చివరిగా ఆసుపత్రి సంగతి.

పోయిన వారం ఆమె వార్డులో ఉంది. అంతకు రెండు రోజుల ముందు ఇంకో కన్నం తెలిసింది. మన అప్‌డేట్ వల్ల బళ్ళలో పరీక్ష మార్కుల ప్రోగ్రాం ఆగిపోయేలా ఉందని నేను ఆపాను. ఆమెకు చెప్పకూడదనుకున్నాను. చూడ్డానికి వెళ్ళేసరికి, “ఆ అప్‌డేట్ పోయిందా సార్?” అని అడిగింది. చేతికి సెలైన్ ఉంది, పెదవులు పగిలి ఉన్నాయి. విశ్రాంతి తీసుకోమ్మా అన్నాను. చౌడమ్మ గారూ అదే అన్నారు. ఆమెకు కోపమొచ్చింది.

“ఆపితే ఆపండి. మీరు ఊరికే ఆపరని నాకు తెలుసు. ఎందుకు ఆపినారో అందరికీ సెప్పినారా? సెప్పి ఆపితే జాగర్త. సెప్పకుండా ఆపితే అది దాపెట్టడం సార్. కన్నముండే ఇంట్లో పండుకునేవాళ్ళకి కన్నముండాదని తెలియల్ల గదా.”

నేను అక్కడే బల్ల మీద కూర్చొని ప్రకటన రాశాను. కన్నం ఉంది, అప్‌డేట్ ఆపాం, కారణమిది, అప్పటిదాకా మీరు చేసుకోవలసిన జాగ్రత్త ఇది, త్వరలో పంపుతాం అని. చదివి వినిపించాను. కళ్ళు మూసుకొని వింది. “త్వరలో అనే మాట తీసేయండి. ఎప్పుడో సెప్పండి” అంది. తీసేశాను. గురువారం అని రాశాను.

మా మధ్య జరిగిన చివరి మాటలు అవే. అవీ పోట్లాటే.

గురువారం అప్‌డేట్ వెళ్ళింది. మార్కుల ప్రోగ్రాం ఆగలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు వీలు చిక్కలేదు.

నిన్న చౌడమ్మ గారు నన్నడిగారు. “మా బిడ్డ ఇన్నేండ్లు కండ్లు మంటలెత్తేదాకా పన్జేసింది గదా సార్. ఆ పని యాడుండాది? ఒకసారి సూపించండి. సూస్తాను.” అమ్మా, నేత నేస్తే చీర కనిపిస్తుంది. ఇల్లు కడితే గోడ కనిపిస్తుంది. మీ అమ్మాయి పని బాగా జరిగిన రోజున ఏమీ జరగదు. దొంగ రాడు. ప్రెస్సు ఆగదు. జరగనిదాన్ని నేనెలా చూపించను? కానీ ఈ రోజు వెనక్కి తిరిగి ఈ హాలు చూడండి తల్లీ. మూడో వరుసలో మునిరత్నమ్మ పక్కన కూర్చున్నది ఆమె భర్త. అతను ఈ హాల్లోకి తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. అది చూపించగలను.

మిత్రులారా, ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది ముఖ్యంగా స్వర్ణముఖి వాలంటీర్లకు.

నిన్న సాయంత్రం ఇంకో కన్నం తెలిసింది. అలవాటు ప్రకారం నేను లిస్టులో రాశాను, పాతవాటితో పొసగుతుందో లేదో తెలియదు, కొన్నాళ్ళు ఆగుదాం అని. రాసి, ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఒక్కరూ బదులు రాయలేదు. ఎందుకు ఆగాలి అని అడిగినవాళ్ళు లేరు. ఎప్పటిదాకా అని అడిగినవాళ్ళు లేరు. పెద్దాయన చెప్పాడు కదా అని ఊరుకున్నారు. నా మాట అంత సులువుగా నెగ్గడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. నాకు సంతోషం కలగలేదు. భయమేసింది. ఆగమనే మనిషి ఒక్కడే మిగిలితే, ఆ ఇంటి కన్నాలు ఎప్పటికీ పూడవు.

అందుకని మిమ్మల్ని రెండు కోరుతున్నాను. ఈ సభ ముగిసి బయటికి వెళ్ళేటప్పుడు, ఆ మెట్ల దగ్గర నిలబడతాను. నా దగ్గరికి ఎవరైనా రండి. ఎందుకు ఆపావని గట్టిగా అడగండి. నేను చెప్పే కారణం చాలకపోతే ఒప్పుకోకండి. నాతో పోట్లాడండి.

రెండోది ఇప్పుడే. కుప్పయ్య గారూ, చౌడమ్మ గారూ, మీరు కూర్చునే ఉండండి. మిగతా అందరం లేద్దాం. జ్ఞానాంబ కోసం రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడదాం. ఆమె పేరున మనం మౌనంగా ఉండేది ఈ రెండు నిమిషాలే.

లేవండి.